ఒక మేకు తక్కువ: కొరియాలో ఏడు రోజులు

ఏప్రిల్ 3, 2024, బుధవారం. సువాన్

మా నాయన సైన్‌బోర్డులు రాసేవాడు. హిందూపురంలో ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మెల్లగా ఎండిపోయింది. 2019లో, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కార్ల తయారీ మొదలైన రోజుల్లో, ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కొరియా వాళ్ల కోసం హోటల్ పెడుతున్నాడట. ఫ్లెక్సీ వద్దు, చేత్తో రాసిన బోర్డే కావాలన్నాడు. ఫోన్‌లో మూడు కొరియన్ అక్షరాల ఫొటో ఒకటి ఇచ్చి వెళ్లాడు. నాయన ఆ ఫొటోని పెద్దది చేయించి, గళ్లు గీసి, రేకు మీద సుద్దదారం కొట్టి, రెండు రోజుల్లో ఎర్ర ఎనామిల్‌తో రాసిచ్చేశాడు. భాష రాకుండా ఎట్లా రాశావని అడిగితే, "అక్షరం అనుకుంటే కష్టం పాపా, బొమ్మ అనుకుంటే ఏముంది" అన్నాడు. మొదటి అక్షరం ఆయన లెక్కలో ఇదీ: ఇంటి కప్పు ఒకటి, పక్కన మేకు కొట్టిన గోడ, కింద పెట్టె.

నేను బెంగళూరులో ప్యాకెట్ల మీద లేబుళ్లు డిజైన్ చేస్తాను. తమ్ముడు రెండేళ్లుగా సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వారం రోజులు వెళ్తున్నానంటే నాయన సబ్బులూ క్రీములూ ఏమీ అడగలేదు. బోర్డు ఫొటో నా ఫోన్‌కి పంపి, "నేనేం రాసినానో తమ్మున్ని అడిగి కనుక్కో" అన్నాడు.

ఇంచన్ విమానాశ్రయం నుంచి సువాన్ వచ్చే బస్సులోనే వాడికి ఆ ఫొటో చూపించాను. చూసి ఒక్క క్షణం ఆగి, కిటికీ వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టాడు.

"సమ్‌గ్యొప్సల్ అక్కా. పంది కడుపు మాంసం."

మా నాయన శనివారం గుడ్డు కూడా ముట్టడు.

"అది కూడా కాదు, తప్పు రాసినాడు. నడిమి అక్షరంలో గోడకి రెండు మేకులు ఉండాల. ఒకటే కొట్టినాడు చూడు. దీన్ని చదివితే సమ్‌గొప్సల్ అని వస్తాది."

ఈ సంగతి ఇప్పుడే చెప్పకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం.

సాయంత్రం వాడి గదికి దగ్గర్లోనే వేయించిన కోడి తినడానికి తీసుకెళ్లాడు. రెండు వైపులా హోటళ్లు, మధ్యలో నడిచేవాళ్లకి మాత్రమే దారి. ఆ దారి పేరు నా హ్యేసక్ వీధి, ఒక కొరియన్ ఆవిడ పేరు అది. ఒకచోట ఆమె విగ్రహం ఉంది. "రెండేండ్లుగా ఈడ తింటావుండా, ఎవరో సినిమా యాక్టరేమో అనుకుంటి" అన్నాడు వాడు.

నా హ్యేసక్ 1896లో ఈ సువాన్‌లోనే పుట్టింది. టోక్యో వెళ్లి తైలవర్ణ చిత్రకళ నేర్చుకున్న తొలి కొరియన్ మహిళ. 1919లో జపాన్ పాలనకి వ్యతిరేకంగా లేచిన మార్చి ఉద్యమంలో పాల్గొని జైలుకెళ్లింది. 1921లో సోల్‌లో (మనం సియోల్ అంటాం) సొంతంగా ప్రదర్శన పెట్టింది. 1927లో భర్తతో కలిసి రైలెక్కి సైబీరియా మీదుగా పారిస్ చేరి, దాదాపు రెండేళ్లు యూరప్, అమెరికా తిరిగొచ్చింది. పారిస్‌లో ఇంకొకరితో ఏర్పడిన సంబంధం బయటపడి 1930లో విడాకులయ్యాయి. ఆ రోజుల్లో ఆడది అయితే నోరు మూసుకోవాలి. ఈమె 1934లో తన విడాకుల కథంతా ఒక పత్రికలో తనే రాసి, తాము పాటించని శీలాన్ని మగవాళ్లు ఆడవాళ్ల దగ్గర మాత్రం ఎందుకు అడుగుతారని నిలదీసింది. అంతే, ఊరంతా వెలేసింది. బొమ్మలు కొనేవాళ్లు లేరు, పిల్లల్ని చూడనివ్వలేదు. 1948 డిసెంబర్‌లో సోల్‌లో దిక్కులేనివాళ్లని చేర్చుకునే ఆసుపత్రిలో ఎవరో తెలియని మనిషిగా చనిపోయింది. సమాధి ఎక్కడో తెలియదు. ఇప్పుడు ఆమె పేరు మీదున్న వీధిలో కుర్చీ దొరకాలంటే పావుగంట నిలబడాలి.

ఏప్రిల్ 4, గురువారం. గ్వాచన్

తమ్ముడికి ఆఫీసు. నేనొక్కదాన్నే బయల్దేరాను. ఒకటో లైన్‌లో గుంజంగ్ దాకా, అక్కడ ఎదురు ప్లాట్‌ఫారం మీదే నాలుగో లైన్. వచ్చే బుధవారం పార్లమెంటు ఎన్నికలు. స్టేషన్ బయట చిన్న లారీ మీద స్టేజీ కట్టి, ఒకే రంగు జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు సినిమా పాటకి స్టెప్పులేస్తున్నారు. నడుచుకుంటూ పోయేవాళ్లకి అభ్యర్థి నడుం వంచి దండాలు పెడుతున్నాడు. మన దగ్గరలా తల మీద చెయ్యి పెట్టి దీవించే ముసలమ్మలు మాత్రం కనబడలేదు.

జాతీయ ఆధునిక, సమకాలీన కళా మ్యూజియం ఇక్కడ జూ వెనకాల కొండ పక్కన ఉంది. అందుకే దిగినవాళ్లలో సగం మంది పిల్లల్ని ఎత్తుకున్న తల్లిదండ్రులే. ఏనుగుల్ని చూడ్డానికి వాళ్లు అటు, నేను ఇటు. చెరువు చుట్టూ చెర్రీ చెట్లు నిండా పూసి ఉన్నాయి. ఫొటోలు తీసుకునేవాళ్లని తప్పించుకుంటూ నడవడానికే అరగంట పట్టింది.

నేను వచ్చింది ఒక్కదాని కోసం: వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ కట్టిన టీవీల గోపురం. 1988లో సోల్ ఒలింపిక్స్ ఏడాది పెట్టింది. మొత్తం 1,003 టీవీలు. అక్టోబర్ 3 వాళ్ల దేశం పుట్టినరోజు, దంగున్ అనే ఆదిరాజు రాజ్యం స్థాపించాడని చెప్పుకునే రోజు. దానికి గుర్తుగా ఆ లెక్క. ఎత్తు 18.5 మీటర్లు, అంటే అరవై అడుగులు. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, బౌద్ధ గోపురం ఆకారం. పేరు 'దాదా ఇక్‌సొన్': ఎక్కువైతే అంత మంచిది అని. దాని చుట్టూ మెట్లు లేని ఏటవాలు దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది.

చేరేసరికి పన్నెండున్నర. గోపురం నల్లగా ఉంది. మధ్యాహ్నం కొద్దిసేపే వెలిగిస్తారని బోర్డు చూశాక అర్థమైంది. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, వెలగని గోపురమే నాకు ఎక్కువ నచ్చింది. వెయ్యి బూడిద రంగు గాజు కళ్లు. ప్రతిదాంట్లో పైకప్పు కిటికీ చిన్న తెల్ల చుక్కలా మెరుస్తోంది.

పక్కన కూర్చున్న పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ఏ దేశమని సైగ చేశాడు. 'ఇందో' అన్నాను, ఇండియాని వాళ్లు అలాగే అంటారు. వెంటనే ఆయన మొహం విప్పారింది. "థాగోరు!" అని, చెయ్యెత్తి కొరియన్‌లో నాలుగు లైన్లు అప్పజెప్పాడు. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ కొరియా మీద రాసిన చిన్న కవిత అది. ఆసియాకి వెలుగు పట్టిన దేశాల్లో కొరియా ఒకటి, ఆ దీపం మళ్లీ వెలగాలి అని అర్థం. దోంగా ఇల్బో పత్రికలో వచ్చింది. జపాన్ పాలనలో నలిగిపోతున్న జనానికి, నోబెల్ వచ్చిన ఆసియా మనిషి ఒక్క మాట అన్నాడు. అది వాళ్లు పాఠంలా తరాలుగా మోసుకొచ్చారు. ఠాగూర్ మా మదనపల్లెలో ఉండి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చాడని ఆయనకి చెబుదామనుకున్నాను. అనువాదం యాప్ మదనపల్లెని ఏం చేసిందో తెలియదు, ఆయన మాత్రం మర్యాదగా తలూపాడు.

రెండింటికి వెలిగింది. ఒకేసారి కాదు, కింద నుంచి పైకి అలలా. మా ఇంట్లో పాత టీవీ వేస్తే మొదట సన్నటి వెలుగు, ఆ తర్వాత బొమ్మ పరుచుకునేది. అదే వరస, వెయ్యి సార్లు. దగ్గరికి వెళ్తే పాత టీవీ లోపల వినబడే సన్నటి కూత కూడా ఉంది. ఇరవై ఏళ్లు దాటని పిల్లలకి అదేమిటో తెలిసిందో లేదో, నాకు మాత్రం ఆదివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. బొమ్మల్లో విసనకర్రల నాట్యం, రాజభవనం, నగరాలు, ఏవో రంగు గీతలు. ఏ ఒక్కటీ రెండు సెకన్లు నిలవదు.

2018లో దీన్ని ఆపేశారు. టీవీలు ముసలివైపోయాయి, లోపలి పిక్చర్ ట్యూబులు ప్రపంచంలో ఎక్కడా తయారవడం లేదు. కొత్త పల్చటి తెరలు పెట్టేద్దామా, పడగొట్టేద్దామా అని పెద్ద వాదన నడిచింది. చివరికి 737 పాత టీవీలని విప్పి, దొరికిన పాత సామాను కొని, బాగుచేశారు. పైనున్న చిన్నవి 266 మాత్రం ఇక కుదరక పల్చటి తెరలు పెట్టారు. 2022 సెప్టెంబర్‌లో మళ్లీ వెలిగించారు. ఇలా కాసేపే నడపడం ఉన్న ట్యూబుల్ని నాలుగు కాలాలు దాచుకోవడానికే. ఇంతటి ఎలక్ట్రానిక్స్ దేశం పాత టీవీ రిపేరు కోసం నాలుగేళ్లు తంటాలు పడిందంటే నాకు ఆ దేశం మీద గౌరవం పెరిగింది.

ఏప్రిల్ 5, శుక్రవారం. యొంగిన్

సువాన్ నుంచి సాంగల్ స్టేషన్‌కి ఒకే రైలు. అక్కడ నుంచి నడక దూరంలో నామ్ జూన్ పైక్ ఆర్ట్ సెంటర్, 2008లో తెరిచారు. దారిలో ఒక ఆఫీసు ముందు వరస, ముందస్తు ఓటింగ్ ఈరోజే మొదలు. గొడవా గోలా లేదు, వచ్చారు, వేశారు, వెళ్లారు.

పైక్ 1932లో సోల్‌లో డబ్బున్న ఇంట్లో పుట్టాడు. 1950లో కొరియా యుద్ధం రాగానే ఆ కుటుంబం దేశం వదిలింది. టోక్యోలో సంగీతం, సౌందర్యశాస్త్రం చదివి 1956లో జర్మనీ వెళ్లాడు. అక్కడ జాన్ కేజ్ అనే సంగీతకారుడిని కలవడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1963లో వూపర్టల్‌లో ఒక ఇంటి నిండా పియానోలూ టీవీలూ పెట్టి, బొమ్మని అయస్కాంతాలతో, తీగలతో వంకర్లు తిప్పాడు. వీడియో కళ అక్కడే పుట్టిందంటారు. మరుసటి ఏడాది న్యూయార్క్. మళ్లీ సొంతూరు చూసింది 1984లో, 34 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు ఇక్కడ నడుస్తున్న ప్రదర్శన ఆ 1984 గురించే. ఆ ఏడాది జనవరి 1న పైక్ న్యూయార్క్, పారిస్ స్టూడియోలని ఉపగ్రహంతో కలిపి లైవ్ కార్యక్రమం చేశాడు. సోల్‌లో అర్ధరాత్రి దాటాక జనం మేలుకుని చూశారు. టీవీ మనిషిని బానిసగా చేసి కాపలా కాస్తుందని ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత తన నవలలో ఊహించిన ఏడాది అది. దానికి పైక్ జవాబు: చూడు, అదే టీవీతో మేం పండగ చేసుకుంటున్నాం. పేరు కూడా 'గుడ్ మార్నింగ్, మిస్టర్ ఆర్వెల్'.

గంట సేపు చూశాను. అందులో సగం నాకు ఎక్కలేదు. కేజ్ ఒక కాక్టస్ మొక్కని ఈకతో గీకుతుంటే ఆ చప్పుడు సంగీతంగా వస్తుంది. చార్లట్ మూర్మన్ చెల్లో వాయిస్తుంది. మధ్యలో రెండు దేశాల బొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసి గజిబిజి అవుతాయి, సిగ్నల్ తెగుతుంది, యాంకర్ బిక్కమొహం వేస్తాడు. తెగిన ఆ క్షణాలే నాకు బాగా నచ్చాయి. రాత్రి అమ్మకి వీడియో కాల్ చేస్తే బొమ్మ ఆగిపోయి ఆమె నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నలభై ఏళ్లలో మనం అక్కడిదాకే వచ్చాం.

1993లో వెనిస్ బియెనాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో, పైక్ జర్మనీ తరఫున పాల్గొన్నాడు, ఆ దేశం పెవిలియన్‌కి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. కొరియాకి అప్పటికి అక్కడ సొంత చోటే లేదు. దానికోసం ఆయన కూడా పట్టుబట్టాక, 1995లో కొరియా పెవిలియన్ తెరుచుకుంది.

ఏప్రిల్ 6, శనివారం. సోల్

తమ్ముడికి సెలవు. మ్యాంగ్‌డాంగ్ దగ్గర షిన్‌సెగే డిపార్ట్‌మెంట్ స్టోర్ పాత భవనం ముందు నిలబెట్టి పావుగంట కథ చెప్తే వాడు ఓపిగ్గా విన్నాడు. ఇది 1930లో జపాన్ వాళ్ల మిత్సుకోషి దుకాణంగా కట్టింది. యుద్ధం రోజుల్లో అమెరికన్ సైన్యం క్యాంటీన్, పీఎక్స్ అనేవాళ్లు. అందులో ఒక మూల పార్క్ సూగన్ అనే పెయింటర్ సైనికులకి బొమ్మలు గీసేవాడు. వాళ్లు జేబులోంచి ప్రేయసి ఫొటో తీసిస్తారు, ఇతను దాన్ని చూసి సిల్కు గుడ్డ మీద దించుతాడు. పోలిక రాకపోతే డబ్బులు రావు. సైనికుల్ని బతిమాలి ఆర్డర్లు పట్టే పని చేసిన అమ్మాయి పార్క్ వాన్‌సొ. ఆమె తర్వాత కొరియాలో పెద్ద నవలాకారిణి అయింది. 1970లో వచ్చిన ఆమె మొదటి నవలలో పెయింటర్ పాత్రకి మూలం ఇతనే.

పార్క్ సూగన్ 1914లో పుట్టాడు, ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, 1965లో పోయాడు. రాత్రిళ్లు ఇంటికొచ్చి తన బొమ్మలు వేసుకునేవాడు: నెత్తిన మూట పెట్టుకుని నడిచే ఆడవాళ్లు, ఆకుల్లేని చెట్టు, రోకటి పోటు. రంగు మీద రంగు పొరలు పొరలుగా ఎండబెట్టి, గరుకు రాతి ముక్క మీద గీసినట్టు కనబడేలా చేస్తాడు. అసలు బొమ్మలు ఎక్కువగా చూడాలంటే ఆయన పుట్టిన యాంగ్గుకి వెళ్లాలి, ఈసారికి కుదరలేదు. పుస్తకంలో చూస్తేనే వేలుతో తడమాలనిపించింది. మా నాయన కూడా పంపుసెట్టు కంపెనీలకీ పార్టీ నాయకులకీ గోడలు రాసి, రాత్రి మిగిలిన రంగుతో ఇంట్లో రేకు డబ్బా మీద కొంగలు వేసేవాడు. ఆ డబ్బాలో ఇప్పుడు కందిపప్పు ఉంటుంది.

అక్కడ నుంచి నాలుగో లైన్‌లో ఇచొన్, నేషనల్ మ్యూజియం. శనివారం రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. ఇక్కడికి నన్ను లాక్కొచ్చింది ఒకటే: మన స్తూపాల ప్రదర్శన. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగింది డిసెంబర్‌లో ఇక్కడికి వచ్చింది, ఇంకో వారంలో మూసేస్తారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి. ఫణిగిరి సూర్యాపేట జిల్లాలో ఉంది. అక్కడ తవ్వకాల్లో ఇటీవల దొరికినవి చూడ్డానికి సోల్ జనం వరస కట్టి టికెట్లు కొంటున్నారు. నాలాంటివాళ్లు హైదరాబాద్ నుంచి విజయవాడ పోతూ ఆ దారిలో టీ తాగడానికి ఆగినవాళ్లే గానీ, పక్కకి తిరిగినవాళ్లు కాదు.

చీకటి గది. సున్నపురాయి మీద సన్నటి వెలుగు. బుద్ధుడిని మనిషిగా చెక్కని రోజుల్లో ఆయన బదులు ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, చెట్టు. పొట్ట ముందుకి తోసుకొచ్చిన యక్షుడు ఒకడు అచ్చం మా వీధి చివర కిరాణా కొట్టు శెట్టిలా కూర్చున్నాడు. లేబుల్ మీద తమ్ముడు కూడబలుక్కుని చదివాడు: "తె-ల్లంగా-నా". పక్కనున్న కొరియన్ అమ్మాయి నోట్‌బుక్‌లో పూర్ణఘటం బొమ్మ దించుకుంటోంది. ఆమె చేతి వెనకాల నిలబడి చాలాసేపు చూశాను. పెన్సిల్ ఎక్కడ ఆగుతుందో, ఏ తామరరేకు దగ్గర తడబడుతుందో. నాకే తెలియకుండా గళ్లు గీసుకోమని చెప్పబోయాను.

బౌద్ధం ఈ దేశానికి చైనా మీదుగా నాలుగో శతాబ్దంలో చేరింది. ఎనిమిదో శతాబ్దంలో హ్యేచో అనే సిల్లా (అప్పటి కొరియా రాజ్యం) భిక్షువు మన దేశమంతా తిరిగి యాత్ర రాసుకున్నాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో ఒక ఫ్రెంచి పండితుడి చేతికి దొరికి ఇప్పుడు పారిస్‌లో ఉంది. ఇక్కడి జనం ఫణిగిరి యక్షుడిని దూరపు చుట్టాన్ని చూసినట్టు చూడటంలో వింతేముంది.

ఏప్రిల్ 7, ఆదివారం. గ్వాంగ్‌జు

సువాన్ నుంచి బస్సులో మూడు గంటలకి పైనే. తమ్ముడు దారంతా నిద్ర.

గ్వాంగ్‌జు అంటే 1980 మే. సైనిక పాలనకి వ్యతిరేకంగా లేచిన విద్యార్థుల్నీ జనాన్నీ సైన్యం కాల్చింది. ఊరివాళ్లు కొన్ని రోజులు ఊరిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. మే 27 తెల్లవారుజామున ప్రొవిన్షియల్ ఆఫీసులో మిగిలినవాళ్లని సైన్యం చంపి ఊరిని మళ్లీ పట్టుకుంది. ఆ ఆఫీసు భవనం చుట్టూ ఇప్పుడు పునరుద్ధరణ పనుల కంచె. దాని వెనకాల ఆసియా కల్చర్ సెంటర్, 2015లో తెరిచారు. పెద్ద సంస్థ, కానీ పైకి ఏమీ కనబడదు. పాత ఆఫీసు కంటే ఎత్తు లేవకూడదని చాలావరకు నేల కింద కట్టారు. మెట్లు దిగితే విశాలమైన ముంగిలి, వెదురు చెట్లు, పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

ఎదురుగా జొనిల్ భవనం. పేరు పక్కన 245 అని అంకె. భవనం లోపలా బయటా కలిపి తేలిన తూటా గుర్తులు 245, తర్వాత ఇంకొన్ని దొరికాయి. వీధి నంబరు కూడా అదే కావడం కాకతాళీయం. పదో అంతస్తులో ఆ గుర్తులు అలాగే ఉంచారు. స్తంభం మీద, నేల మీద, ఒక్కోదాని పక్కన చిన్న నంబరు. తూటా పై నుంచి కిందికి దిగినట్టు కొన్ని చోట్ల తెలుస్తుంది. అంటే హెలికాప్టర్ నుంచి కాల్చారన్నమాట. సైన్యం దశాబ్దాలు కాదన్న సంగతి గోడ సున్నం మీద రాసి ఉంది. తమ్ముడు అక్కడ ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆ తర్వాతి ఏళ్లలో ఇక్కడి పత్రికలు నిజం రాయలేవు. అప్పుడు పనికొచ్చింది చెక్క. హోంగ్ సంగ్‌దామ్ అనే చిత్రకారుడు తోటివాళ్లతో కలిసి 1983లో గ్వాంగ్‌జులో మామూలు జనానికి చెక్క చెక్కి అచ్చు వేయడం నేర్పే బడి పెట్టాడు. చెక్క, ఉలి, నల్ల సిరా, రుద్దడానికి ఒక చెంచా చాలు. ప్రెస్సు అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు. ఆయన అచ్చుల్లో చనిపోయినవాళ్లే కాదు, అన్నం ముద్దలు పంచే ఆడవాళ్లు కూడా ఉంటారు. ఆ రోజుల్లో మార్కెట్ ఆడవాళ్లు ఉప్పు కలిపిన అన్నాన్ని పిడికిలితో ముద్దలు చేసి వీధుల్లో ఉన్నవాళ్లకి ఇచ్చారు. జుమొక్‌పాప్ అంటారు. ఇప్పుడది ఊరి ప్రత్యేక వంటకంగా హోటళ్లలో నువ్వులూ నాచూ అద్ది అమ్ముతున్నారు. రెండు తిన్నాను. బాగుంది. ఉప్పుది మాత్రమే అడిగితే దొరకలేదు.

అన్నం అంటే ఇంకొకాయన. లీ ఉంగ్నో, సంప్రదాయ సిరా చిత్రాల్లో చేయి తిరిగినవాడు, 1958లో యూరప్ వెళ్లి పారిస్‌లో స్థిరపడ్డాడు. 1967లో ఉత్తర కొరియాతో సంబంధాలున్నాయని, తూర్పు బెర్లిన్ కేసు అని పేరు పెట్టి, సోల్ ప్రభుత్వం ఆయన్ని పట్టుకొచ్చి జైల్లో వేసింది. 1969 దాకా జైల్లోనే. అక్కడ అన్నం మెతుకుల్ని న్యూస్‌పేపర్‌తో కలిపి పిసికి బొమ్మలు చేశాడు, సోయా సాస్‌తో కాగితం మీద గీశాడు. పారిస్ తిరిగి వెళ్లాక, గ్వాంగ్‌జు సంగతి తెలిశాక, ఆయన చివరి పదేళ్లు జనాన్నే వేశాడు. నల్ల సిరాతో వందలాది చిన్న మనుషులు, చేతులెత్తి ఆడుతున్నారో అరుస్తున్నారో తెలియదు. దగ్గరికి వెళ్తే ఒక్కో మనిషీ నాలుగు కుంచె పోట్లు. వాటిని చూసినప్పుడు నాకు చీమల బారు గుర్తొచ్చింది, తప్పో ఒప్పో.

1995లో ఇక్కడ గ్వాంగ్‌జు బియెనాలే మొదలైంది. తొలిసారే 16 లక్షల మంది వచ్చారు. మొదటి బహుమతి క్యూబా కుర్రాడు క్చోకి వచ్చింది: ఖాళీ బీరు సీసాల సముద్రం మీద తేలే ఒక పాత పడవ. గాయం మీద పండగ చేస్తారా అని ఊళ్లో చిత్రకారులు కొందరు కోపంతో వేరుగా ప్రదర్శన పెట్టుకున్నారు. రెండు వైపులా న్యాయం ఉందనిపిస్తుంది నాకు.

ఏప్రిల్ 8, సోమవారం. జెజు

గ్వాంగ్‌జు నుంచి జెజు ద్వీపానికి విమానంలో గంట లోపే. మ్యూజియాలకి సోమవారం సెలవు. సొగ్విపోలో సముద్రం చూశాం, కమలాలు తిన్నాం, తమ్ముడి చెప్పు తెగింది. అంతే.

ఏప్రిల్ 9, మంగళవారం. సొగ్విపో

లీ జుంగ్‌సొప్ వీధి ఏటవాలుగా సముద్రం వైపు దిగుతుంది. మధ్యలో గడ్డి కప్పిన చిన్న ఇల్లు. వంటింటి పొయ్యి దాటి పక్కన ఒక గది. 1951లో చిత్రకారుడు లీ జుంగ్‌సొప్, ఆయన భార్య, ఇద్దరు మగపిల్లలు ఈ గదిలో ఏడాది లోపు ఉన్నారు. 1.4 ప్యాంగ్ (వాళ్ల స్థలం కొలత) అని రాసుంది. లెక్కేస్తే 50 చదరపు అడుగులు. తమ్ముడు గుమ్మం బయట నిలబడి చేతులు చాపి కొలిచాడు. "నా మంచం పడితే తలుపు మూయను రాదు."

లీ ఉత్తరాన ప్యాంగ్యాంగ్ పక్క ఊళ్లో 1916లో పుట్టాడు. టోక్యోలో చదువుకునేటప్పుడు యామామొతో మసాకో అనే జపాన్ అమ్మాయిని ప్రేమించాడు. మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే వేసి ఆమెకి పోస్టుకార్డులు పంపేవాడు. ఆమె రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో సముద్రం దాటి వచ్చి 1945లో పెళ్లి చేసుకుంది. 1950లో చైనా సైన్యం దిగాక కాందిశీకులుగా దక్షిణానికి ఓడెక్కి, పుసాన్ మీదుగా ఇక్కడికి చేరారు. తిండికి లేదు. సముద్రం ఒడ్డున పీతలు పట్టుకుని తిన్నారు. ఆయన ఎన్నో బొమ్మల్లో పిల్లలు పీతలతో ఆడుకుంటుంటారు, అన్నేసి పీతల్ని తిన్నందుకు పాపపరిహారంగా వేశాడని చెబుతారు. 1952లో ఆకలికి తట్టుకోలేక భార్యా పిల్లలు జపాన్ వెళ్లారు. రెండు దేశాల మధ్య అప్పటికి దౌత్య సంబంధాలు లేవు. 1953లో ఒక్క వారం వెళ్లి చూసొచ్చాడు. ఆ తర్వాత ఉత్తరాలే. అంచుల నిండా బొమ్మలు. చిన్నవాడికి ఒక బొమ్మ, పెద్దవాడికి ఒకటి, లేకపోతే పోట్లాడుకుంటారని. 1956 సెప్టెంబర్‌లో సోల్ ఆసుపత్రిలో ఒంటరిగా పోయాడు, నలభై ఏళ్లకి. మసాకో మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 2022లో 101 ఏళ్ల వయసులో చనిపోయింది.

కాన్వాసు కొనే స్తోమత లేక సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం వాడాడు. నేను దీన్ని దగ్గరగా చూడాలనే వచ్చాను. అరచేతి కంటే కొంచెం పెద్దది. మేకు మొనతోనో దబ్బనంతోనో గట్టిగా గీస్తాడు, గాడి పడుతుంది. పైన ముదురు రంగు పూస్తాడు, గుడ్డతో తుడిచేస్తాడు. పైన వెండి మెరుపు మిగిలి, గాడిలో రంగు నిలుస్తుంది. కొరియా పాత కుండల్లో మట్టి మీద గాడి తీసి వేరే రంగు మట్టి నింపే విద్య ఉంది, దానికి ఇది చుట్టం. బొమ్మలో నలుగురు బోసిమొల పిల్లలు ఒకరి కాలు ఒకరు పట్టుకుని, మధ్యలో చేప. గీత ఎక్కడ ఆగిందో కనబడదు. కాగితం మడతలు కూడా అలాగే ఉన్నాయి. ఇలాంటివి మూడు న్యూయార్క్‌లో మోమా అనే ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడే దేగు అనే ఊళ్లో పనిచేసే ఒక అమెరికన్ కొని పంపితే 1956లో తీసుకున్నారు. అప్పటికి ఇక్కడ ఆయనకి ఇంటద్దె కట్టే దిక్కులేదు.

2021లో శాంసంగ్ ఛైర్మన్‌గా ఉండి పోయిన లీ కున్‌హీ కుటుంబం ఆయన సేకరణలో 23 వేలకు పైగా వస్తువులు దేశానికిచ్చింది. అందులో లీ జుంగ్‌సొప్‌వి 12 ఈ ఊరికి వచ్చాయి. ఒకటి ఈ ఇంటి దగ్గర నుంచి కనబడే సొప్‌సొమ్ దీవి బొమ్మ. 1951లో ఇక్కడ వేసి, ఎక్కడెక్కడో తిరిగి, 70 ఏళ్లకి ఇల్లు చేరింది. బయటికొచ్చి చూశాం. దీవి అలాగే ఉంది. మధ్యలో అపార్ట్‌మెంట్లు వచ్చాయి.

గది గుమ్మం దగ్గర కూర్చుని నాయనకి వీడియో కాల్ చేశాను. ఫోన్ తిప్పి గది చూపించాను. నలుగురా, ఇందులోనా అన్నాడు. వెండి కాగితం సంగతి చెప్తే ఆయనకి ఎక్కువ వివరించాల్సిన పని పడలేదు. "ఇత్తడి బిందె మీద పేర్లు కొట్టి మసి రుద్దుతారు చూడు, అంతే కదా" అన్నాడు. తర్వాత, "మేకుతో గీస్తే చిరగలేదా? కింద మెత్తగా ఏమన్నా పెట్టింటాడు" అని తనే జవాబు చెప్పుకున్నాడు.

"నాయనా, నీ బోర్డు చదివినాము" అన్నాడు తమ్ముడు నా భుజం మీదుగా తల పెట్టి. ఇంక దాచలేకపోయాడు. పంది మాంసం అని చెప్పేశాడు.

అవతల కాసేపు చప్పుడు లేదు. అమ్మ నవ్వడం వినబడింది.

"సరేలే, వాళ్ల తిండి వాళ్లది. అక్షరాలు సరింగా ఉండాయా?"

తమ్ముడు నా వైపు చూశాడు. "నడిమి దానికి ఒక మేకు తక్కువైంది నాయనా. గోడకి ఎడమ పక్క రెండుండాల."

"రెండా? ఫొటో మసగ్గా ఉండె. నాకు అప్పుడే అనుమానం వచ్చింది." ఫోన్ అమ్మ చేతికిచ్చినట్టున్నాడు, తెర మీద పైకప్పు ఫ్యాను కనబడింది. దూరం నుంచి ఆయన గొంతు: "ఎర్ర ఎనామిల్ డబ్బా అటక మీద ఉండాల, సూడు. శుక్రవారం పెనుకొండకి పోయి ఆ మేకు కొట్టొస్తా."